కాలేజీ జైలు నుంచి.. కార్బన్ మీది పొర దాకా!

ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ గుర్తున్నాయా? అనిలిన్‌ని హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో కరిగిస్తాం. టెస్ట్‌ట్యూబ్‌ని ఐస్ ముక్కల మధ్య పెడతాం. సోడియం నైట్రైట్ చుక్క చుక్కగా వేస్తాం. చివర్లో బీటా నాఫ్తాల్ కలపగానే మెరిసిపోయే నారింజ ఎరుపు రంగు వస్తుంది. నాకు మొదటిసారి వచ్చింది మాత్రం గోధుమరంగు బురద. మాట్లాడుకుంటూ కూర్చునేసరికి ఐస్ మొత్తం కరిగిపోయింది మరి. రికార్డులో మాత్రం పక్కవాడి రంగే రాసుకున్నా. ఐదు డిగ్రీలు దాటితే ఏమవుతుందో ఎంసెట్ కోచింగ్‌లో బిట్టుగా బట్టీ పట్టాం కానీ, ఆ చల్లదనం ఎవరికి ఎలా తట్టిందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ చల్లదనం వెనకున్న మనిషి పేరు యోహాన్ పీటర్ గ్రీస్. కెమిస్ట్రీ ల్యాబుల్లో బాగా తెలిసిన పేరే. నైట్రైట్‌ని పట్టుకునే గ్రీస్ టెస్ట్ ఆయన పేరు మీదే ఉంది. అయితే శాండ్‌మేయర్ రియాక్షన్ అనగానే ఠక్కున చెప్పే మనవాళ్లలో చాలామందికి, శాండ్‌మేయర్ చేతిలోకి ఆ సరుకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలీదు. జర్మన్‌లో గ్రీస్ అంటే రవ్వ. మన భాషలో చెప్పుకోవాలంటే ఆయన రవ్వ పీటర్ అన్నమాట.

నేను ఈయన గురించి చదవడం మొదలుపెట్టింది రంగుల కోసం కాదు. సెన్సర్ల మీద ఒక బ్లాగ్ పోస్ట్ రాస్తూ, కార్బన్ ఎలక్ట్రోడ్ మీద ఒకే ఒక్క అణువు మందం ఉన్న పొరని ఎలా అతికిస్తారో వెతుకుతున్నా. ఏ పేపర్ తెరిచినా డయజోనియం, డయజోనియం అనే ఉంది. ఆ మాట తోక పట్టుకుని వెనక్కి వెళ్తే 1858లో ఆగింది. అక్కడ దొరికినవాడు టాపర్ కాదు. అప్పటికి డిగ్రీ కూడా లేదు. కాలేజీ జైల్లో కూర్చుని వచ్చినవాడు.

ఆస్తి కరిగింది

గ్రీస్ 1829 సెప్టెంబరు 6న పుట్టాడు. ఊరు కిర్ష్‌హోస్‌బాఖ్, జర్మనీలోని హెస్సీ ప్రాంతంలో ఒక పల్లె. ఇంట్లో వ్యవసాయం ఉంది. కొడుకు కూడా అదే చూసుకుంటాడనుకుని వ్యవసాయం నేర్పే ప్రైవేటు బడిలో వేశారు. అది అయ్యాక కుర్రాడు హెస్సీ గుర్రపు దళంలో చేరాడు. అక్కడా ఎక్కువ కాలం నిలవలేదు. 1850లో యేనా యూనివర్సిటీ, మరుసటి ఏడాదికి మార్‌బుర్గ్ యూనివర్సిటీ.

మార్‌బుర్గ్‌లో అతను చదివిన చదువు కంటే చేసిన గొడవే ఎక్కువ. ఆ రోజుల్లో జర్మన్ యూనివర్సిటీలకు సొంత జైలు గది ఉండేది. దాన్ని కార్సర్ అనేవాళ్లు. తాగి అల్లరి చేసినా, రాత్రిళ్లు వీధుల్లో గోల చేసినా పోలీసుల దాకా పోకుండా యూనివర్సిటీయే శిక్ష వేసి అందులో కూర్చోబెట్టేది. గ్రీస్ ఆ గదిలోకి ఒకసారి కాదు, చాలాసార్లు వెళ్లొచ్చాడు. చివరికి ఓపిక నశించి, ఏడాది పాటు ఊళ్లోనే ఉండొద్దని వెళ్లగొట్టారు. ఆ బహిష్కరణ ఏడాదిలో మ్యూనిక్ వెళ్లి యూస్టుస్ లీబిగ్ లెక్చర్లు విన్నాడు. లీబిగ్ అంటే అప్పటి యూరప్‌లో కెమిస్ట్రీకి పెద్ద దిక్కు. విన్నాడు కానీ వెంటనే మారిపోయాడని చెప్పలేం. తిరిగొచ్చాక కూడా డబ్బు ఖర్చవుతూనే ఉంది, డిగ్రీ మాత్రం రాలేదు.

ఇక్కడ మన ఇళ్లలో జరిగేదే అక్కడా జరిగింది. చదివించడానికి ఇంటివాళ్లు పెట్టింది పెట్టినట్టే పోయింది. 1856 నాటికి కుటుంబం ఆస్తి దాదాపు అయిపోయింది. అప్పటికి గ్రీస్‌కి 26 ఏళ్లు దాటాయి. పొలం లేదు, పట్టా లేదు. మన లెక్కలో అరడజను బ్యాక్‌లాగ్‌లతో, అప్పుతో ఇంటికి మొహం చూపించలేని పరిస్థితి.

అతన్ని ఆ గుంట నుంచి బయటికి లాగినవాడు హెర్మన్ కోల్బే. మార్‌బుర్గ్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్. నోటి దురుసుకి పేరున్న మనిషి. తనకు నచ్చని సిద్ధాంతాల మీద, వాటిని చెప్పినవాళ్ల మీద జర్నల్లోనే విరుచుకుపడేవాడు. అలాంటి ఆయన ఈ అల్లరి కుర్రాడి కోసం సిఫారసు ఉత్తరం రాశాడు. దాంతో ఓఫెన్‌బాఖ్‌లోని ఓలర్ కెమికల్ ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. బొగ్గు తారు నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ అది. కోల్బే ఎందుకు రాశాడో ఊహించడం నా పని కాదు. కానీ ఆ ఒక్క ఉత్తరం లేకపోతే ఈ కథ లేదు.

ఉద్యోగం నిండా రెండేళ్లు కూడా సాగలేదు. 1857లో ఫ్యాక్టరీ తగలబడింది, పని ఆగిపోయింది. గ్రీస్ మళ్లీ రోడ్డున పడ్డాడు. ఈసారి నేరుగా మార్‌బుర్గ్‌కి, కోల్బే ల్యాబ్‌కి వచ్చాడు. వచ్చినవాడు మాత్రం పాత గ్రీస్ కాదు. ఫ్యాక్టరీలో చేతులు కాల్చుకుని పని నేర్చుకున్నాక కెమిస్ట్రీ అంటే ఏంటో తెలిసినట్టుంది. ల్యాబ్ నుంచి బయటికి రావడం మానేశాడు.

వేడి చెయ్యకపోతే ఏమవుతుంది?

కోల్బే అతనికి ఇచ్చిన పని చూడ్డానికి మామూలుదే. బెంజీన్ రింగ్‌కి అమైనో గుంపు, అంటే నైట్రోజన్ ఉన్న ఒక తోక, తగిలి ఉన్న పదార్థాన్ని తీసుకుని, నైట్రస్ ఆమ్లంతో ఆ తోకని ఊడగొట్టి, దాని చోట ఆక్సిజన్ ఉన్న తోక పెట్టాలి. అంతకుముందు అదే ల్యాబ్‌లో ఇంకో పదార్థం మీద ఇది చేశారు, పని చేసింది. గ్రీస్ తీసుకున్నది పిక్రామిక్ ఆమ్లం.

అందరూ చేసే పద్ధతిలో నీళ్లలో రియాక్షన్ జరిగి నైట్రోజన్ గ్యాస్ బుడబుడమని బయటికి పోతుంది, కావలసిన పదార్థం మిగులుతుంది. గ్రీస్ పద్ధతి మార్చాడు. నీళ్లకు బదులు ఆల్కహాల్ తీసుకున్నాడు. దాన్ని చల్లగా ఉంచాడు. అందులోకి నైట్రస్ వాయువుని పంపాడు. బుడగలు రాలేదు. పసుపు రంగు పదార్థం ఒకటి కిందికి దిగింది. విశ్లేషణ చేసి చూస్తే, పోవాల్సిన నైట్రోజన్ పోలేదు సరికదా, ఇంకో నైట్రోజన్ వచ్చి చేరింది. ఒక నైట్రోజన్ ఉండాల్సిన చోట రెండు, చేతులు పట్టుకుని కూర్చున్నాయి.

నాలాంటివాడైతే ప్రయోగం చెడిపోయిందని పారబోసి, మళ్లీ నీళ్లతో మొదలుపెట్టేవాడు. ఇచ్చిన పని అవ్వలేదు కదా. గ్రీస్ పారబోయలేదు. 1858లో దాని మీద ఒక చిన్న నోట్ రాసి పంపాడు. అది అచ్చయింది లీబిగ్ జర్నల్‌లోనే. ఊళ్లోంచి తరిమేసిన ఏడాదిలో ఎవరి లెక్చర్లు విన్నాడో ఆ లీబిగ్. మనం డయజో సమ్మేళనాలు అంటున్న మొత్తం కుటుంబానికి అదే మొదటి కాగితం. ఆ మొదటి పదార్థం తర్వాతి కాలంలో తూటాలకు, డిటొనేటర్లకు నిప్పు పెట్టే పేలుడు పదార్థంగా కూడా వాడుకలోకి వచ్చింది. అంటే కోల్బే ల్యాబ్‌లో గ్రీస్ ఎంత ప్రమాదంతో ఆడుకున్నాడో చూడండి. డయజోనియం లవణాల్లో చాలావాటిని ఎండబెడితే పేలే గుణం ఉంది. ఐస్ ఎందుకు పెడతారంటే రంగు కోసమే కాదు.

ఆ ప్రమాదం, ఆ ఉపయోగం రెండూ ఒకే చోట ఉన్నాయి. ప్రకృతిలో ఉన్న అతి గట్టి అణువుల్లో నైట్రోజన్ గ్యాస్ ఒకటి. రెండు నైట్రోజన్లు పక్కపక్కన చేరితే, ఎప్పుడు గ్యాస్ అయి ఎగిరిపోదామా అని చూస్తుంటాయి. చల్లగా ఉన్నంతసేపు ఆగుతాయి. ఎవరైనా సరైన తోడు ఇస్తే, తాము వెళ్లిపోతూ బెంజీన్ రింగ్‌ని ఆ కొత్తవాడికి అప్పగించి పోతాయి. నా టెస్ట్‌ట్యూబ్‌లో జరిగింది ఇదే. నేను బీటా నాఫ్తాల్ ఇచ్చేలోపే ఐస్ కరిగి, రింగ్‌ని నీళ్లకు అప్పగించేసి నైట్రోజన్ వెళ్లిపోయింది.

లండన్, ఆ తర్వాత బీరు ఊరు

ఈ కొత్త పదార్థాల సంగతి ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ చెవిన పడింది. ఆయన జర్మనే, కానీ లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీని నడుపుతున్నాడు. 1856లో 18 ఏళ్ల విలియమ్ పెర్కిన్ మొట్టమొదటి సింథటిక్ రంగు మోవ్‌ని కనిపెట్టినప్పుడు ఈ హాఫ్‌మన్ దగ్గరే అసిస్టెంట్. అలాంటి చోటు నుంచి గ్రీస్‌కి పిలుపు వచ్చింది. 1858లోనే లండన్ వెళ్లాడు. కొత్త దేశం, కొత్త భాష. అలవాటు పడటానికి చాలా కాలం పట్టింది. విదేశాల్లో ఎమ్మెస్ చేస్తూ మొదటి చలికాలం గడిపిన మా బ్యాచ్ వాళ్లకు దీని గురించి నేను చెప్పక్కర్లేదు.

హాఫ్‌మన్ దగ్గర నాలుగేళ్లు ఉన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి కొత్త డయజో పదార్థాలు చేస్తూ పోయాడు. 1862లో చాలామందికి వింతగా అనిపించే పని చేశాడు. లండన్ ల్యాబ్ వదిలేసి, బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊళ్లో ఆల్‌సాప్ బీరు కంపెనీలో కెమిస్ట్‌గా చేరాడు. చనిపోయేదాకా అదే ఉద్యోగం. 26 ఏళ్లు.

ఇప్పుడైతే లింక్డిన్‌లో జనం జాలిపడేవాళ్లేమో. అప్పటి లెక్క వేరు. బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ, ఆ నీళ్లతో తయారయ్యే లేతరంగు బీరుకి గిరాకీ ఎక్కువ. ఆల్‌సాప్ కంపెనీ 1820ల నుంచి ఆ బీరుని ఓడల్లో మన దేశానికి పంపేది, ఇక్కడున్న తెల్లవాళ్ల కోసం. ఇండియా పేల్ ఏల్ అని ఇప్పటికీ వాడే పేరు అలా వచ్చిందే. 1852లో ఈ బీరు చేదు కోసం స్ట్రిక్నిన్ అనే విషం కలుపుతున్నారని పుకారు లేచింది. కంపెనీలు హడలిపోయి, నిజం తేల్చమని హాఫ్‌మన్‌ని, థామస్ గ్రాహమ్‌ని పెట్టుకున్నాయి. విషం లేదని వాళ్లు తేల్చారు. అప్పట్నుంచి బీరు కంపెనీలకు కెమిస్టుల విలువ తెలిసొచ్చింది, హాఫ్‌మన్‌తో పరిచయమూ ఉంది. దానికి తోడు ఆల్‌సాప్‌లో బీరు తయారీ చూసుకునే హైన్రిష్ బ్యోటింగర్ కూడా జర్మనే, లీబిగ్ శిష్యుడే. ఆ దారిలోనే గ్రీస్ అక్కడికి చేరాడు. ఆ ఊళ్లో అతనొక్కడే కాదు. బాస్ కంపెనీలో కార్నీలియస్ ఓ సలివన్, వర్దింగ్టన్‌లో హొరేస్ బ్రౌన్ ఉండేవాళ్లు. పిండి పదార్థాల మీద, ఎంజైముల మీద వాళ్లు చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చిన్న ఊరిని ఆ కాలపు టెక్ హబ్ అంటే తప్పు కాదనిపిస్తుంది నాకు.

నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం ఇదే. పగలు కంపెనీ పని: నీళ్లు, మాల్ట్, బీరు పరీక్షలు. మిగిలిన టైంలో తన డయజో కెమిస్ట్రీ. కంపెనీకి దానితో పనే లేదు. స్టూడెంట్లు లేరు, గ్రాంటు లేదు. అయినా పేపర్ల మీద పేపర్లు వస్తూనే ఉన్నాయి. 1864లో రాయల్ సొసైటీ జర్నల్‌లో అరవైకి పైగా పేజీల వ్యాసం అచ్చయింది. అదే ఏడాది ఫీనైల్ ఎజైడ్ అనే పదార్థం చేశాడు. 2022లో నోబెల్ వచ్చిన క్లిక్ కెమిస్ట్రీ గురించి చదివారా? అందులో ముఖ్యపాత్ర వేసే ఎజైడ్ల కుటుంబంలో ఇది మొదటి తరం మనిషి. 1868లో గ్రీస్‌ని రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నుకున్నారు. కార్సర్ గదిలో కూర్చున్న కుర్రాడు, బీరు కంపెనీ ఉద్యోగి, ఎఫ్‌ఆర్‌ఎస్. మరుసటి ఏడాది పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడ్డాడు. తర్వాత జర్మనీ నుంచి బీఏఎస్‌ఎఫ్ పిలిచినా వెళ్లలేదు.

అన్నీ సరిగ్గానే చెప్పాడని కాదు. ప్రయోగాల్లో ఆరితేరిన చెయ్యి, సిద్ధాంతంలో కొంచెం తడబడింది. రింగ్ మీది రెండు హైడ్రోజన్ల చోట రెండు నైట్రోజన్లు కూర్చున్నాయని అతని నమ్మకం. అలా కాదు, రెండూ ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఒకే చోట తగులుకుని ఉంటాయని 1866లో కెకులే చెప్పాడు. కెకులే చెప్పిందే నిజానికి దగ్గర. నిర్మాణం తప్పుగా అనుకుంటూనే, రియాక్షన్లన్నీ సరిగ్గా చేసుకుంటూ పోయిన మనిషి గ్రీస్.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1858 నాటి కనుగోలుకి పేటెంట్ లేదు. డయజోకి ఇంకో రింగ్‌ని జత చేస్తే రంగు వస్తుంది. మాంచెస్టర్ బ్రౌన్ లాంటి తొలి రంగుల నుంచి మొదలై, 1870ల్లో ఈ పరిశ్రమ పెద్ద పరిశ్రమ అయింది. అతని స్నేహితులు కార్ల్ మార్టియుస్, హైన్రిష్ కారో రంగుల కంపెనీల్లో పెద్దవాళ్లయ్యారు. ఆ దశాబ్దం చివర్లో గ్రీస్ కూడా కొన్ని పేటెంట్లు తీసుకున్నాడు కానీ, అప్పటికే బండి చాలా దూరం వెళ్లిపోయింది. ఈరోజు ప్రపంచంలో వాడే సింథటిక్ రంగుల్లో సగానికి పైగా అజో రంగులే. మీ జీన్స్‌ నీలం ఇండిగో, అది వేరే కథ. కానీ మీ టీషర్టు ఎరుపో పసుపో అయితే, అందులో గ్రీస్ వాటా ఉండే అవకాశం ఎక్కువ.

1879లో తన రియాక్షన్‌ని తలకిందులు చేసి వాడుకున్నాడు. అమైన్ మన దగ్గర ఉంది, నైట్రైట్ ఉందో లేదో తెలీదనుకోండి. కలిపి చూస్తే సరి. రంగు వస్తే నైట్రైట్ ఉన్నట్టు. అదే గ్రీస్ టెస్ట్. నీళ్ల పరీక్షల్లో ఇప్పటికీ వాడుతున్నారు. డయాగ్నస్టిక్ సెంటర్లో యూరిన్ టెస్ట్‌కి ఇస్తే ముంచే పట్టీ మీద నైట్రైట్ గడి ఉంటుంది. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉంటే అది గులాబీ రంగులోకి మారుతుంది. ఆ గడిలో జరిగేది ఇదే. ఈ టెస్టుకి ఒక చీకటి పేజీ కూడా ఉంది. 1974లో బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబులు పేలినప్పుడు, చేతులకు నైట్రోగ్లిజరిన్ అంటిందని ఈ టెస్ట్ ఆధారంగా కోర్టులో చెప్పారు. ఆరుగురికి యావజ్జీవం పడింది. మామూలు వస్తువుల మీది పూత అంటినా టెస్ట్ అలాగే చూపించగలదని తర్వాత తేలింది. 1991లో ఆ శిక్షలు కొట్టేసేసరికి వాళ్లు 16 ఏళ్లు లోపల గడిపేశారు. టెస్ట్ తప్పు కాదు, అది చెప్పని మాటని దాని నోట్లో పెట్టడం తప్పు.

1992లో మళ్లీ తెర మీదికి

గ్రీస్ 1888 ఆగస్టు 30న బోర్న్‌మత్‌లో చనిపోయాడు. ఇంకో వారం ఉంటే 59 నిండేవి. అతను చూడని ఉపయోగం ఒకటి 104 ఏళ్ల తర్వాత ప్యారిస్‌లో బయటపడింది. నేను వెతుక్కుంటూ వచ్చింది దానికోసమే కాబట్టి, కాస్త నిదానంగా చెప్తా.

గ్లాసీ కార్బన్ అని ఒకటి ఉంటుంది. నల్లగా, అద్దంలా మెరుస్తూ ఉండే కార్బన్. ప్లాస్టిక్ తొడుగులో మూడు మిల్లీమీటర్ల చిన్న చుక్కలా అమర్చి ఎలక్ట్రోడ్‌గా వాడతారు. దాని మీద ఎంజైమో, డీఎన్‌ఏ ముక్కో, యాంటీబాడీయో కూర్చోబెట్టగలిగితే అది సెన్సర్ అవుతుంది. చిక్కల్లా ఎలా కూర్చోబెట్టాలన్నదే. బంగారం మీదైతే గంధకం ఉన్న అణువులు వాటంతటవే వరుసగా అతుక్కుంటాయి. కార్బన్‌కి ఆ గుణం లేదు. ఊరికే పూస్తే కడిగేసరికి పోతుంది. ఆమ్లంతోనో కరెంటుతోనో కార్బన్‌ని ముందు ఆక్సీకరణ చేసి, పైన వచ్చిన గుంపులకు కట్టడం పాత పద్ధతి. పని చేస్తుంది కానీ ఉపరితలం గరుకవుతుంది.

1992లో డెలమార్, హిత్మి, పాంసోన్, సవేయాంత్ అనే నలుగురు ఒక పేపర్ రాశారు. వాళ్ల పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. డయజోనియం లవణాన్ని ఎసిటోనైట్రైల్‌లో కొద్దిగా కలపాలి. కార్బన్ ఎలక్ట్రోడ్ ముంచాలి. వోల్టేజీని మెల్లగా రుణాత్మకం వైపు తగ్గించుకుంటూ రావాలి. సున్నా దగ్గర్లోనే, పెద్దగా బలవంతం చెయ్యకుండానే, ఎలక్ట్రోడ్ మీదికి వచ్చిన ప్రతి డయజోనియం ఒక ఎలక్ట్రాన్ తీసుకుంటుంది. ఎప్పుడు పోదామా అని చూస్తున్న నైట్రోజన్ జంటకి అది చాలు, గ్యాస్ అయి వెళ్లిపోతుంది. వెనక మిగిలిన రింగ్‌కి ఒక చెయ్యి ఖాళీ. దాన్ని రాడికల్ అంటాం. ఖాళీ చేత్తో దూరం పోలేదు, ఎదురుగా ఉన్నది కార్బన్ గోడ. దాన్నే పట్టుకుంటుంది. కార్బన్‌కి కార్బన్‌కి మధ్య గట్టి బంధం.

ఇంజినీర్‌గా నాకు దీన్లో అందంగా కనపడింది దాని గ్రాఫ్. వోల్టేజీ మొదటిసారి తిప్పినప్పుడు కరెంటులో పెద్ద శిఖరం వస్తుంది. రెండోసారి తిప్పితే ఆ శిఖరం దాదాపు మాయం. ఎందుకంటే అతుక్కున్న పొర ఎలక్ట్రాన్లకు అడ్డుగోడ అయిపోయింది, కొత్త డయజోనియంకి ఎలక్ట్రాన్ అందడం కష్టం. అంటే పొర తన పెరుగుదలకి తనే బ్రేక్ వేసుకుంటుంది. మామూలుగా ఎలక్ట్రోడ్ ఇలా మూసుకుపోతే ల్యాబ్‌లో తిట్టుకుంటాం. వీళ్లకు కావలసిందే ఆ మూసుకుపోవడం.

తిరకాసు లేకుండా లేదు. ఖాళీ చెయ్యి ఉన్న రాడికల్‌కి కార్బన్ గోడే కావాలని నియమం లేదు. ముందే అతుక్కున్న రింగ్ దొరికినా పట్టుకుంటుంది. దాంతో ఒక్క పొర అనుకున్నది కొమ్మలు వేసి అనేక పొరలవుతుంది, మందం కొన్ని నానోమీటర్లకు పెరుగుతుంది. ఒకే పొర దగ్గర ఆపడం ఎలా అన్నది ఆ తర్వాత ఎన్నో గ్రూపులకి పని కల్పించింది. రింగ్ చుట్టూ లావుపాటి గుంపులు కట్టి దారి మూసేయడం దానికి ఒక ఉపాయం.

ఇంకో సౌకర్యం, రింగ్ రెండో చివర మీకు కావలసింది పెట్టుకుని రావచ్చు. నైట్రో గుంపు పెడితే, అతికించాక అదే ఎలక్ట్రోడ్‌తో దాన్ని అమైన్‌గా మార్చుకోవచ్చు. ఆ అమైన్‌కి ఎంజైమ్ తగిలించుకోవచ్చు. ఈ పద్ధతి గాజులాంటి కార్బన్‌తో ఆగలేదు. గ్రాఫీన్, కార్బన్ నానోట్యూబులు, వజ్రపు పొరలు, లోహాలు, అన్నిటి మీదికీ పాకింది. ప్రింటర్ ఇంకులోని నల్లపొడి నీళ్లలో పేరుకోకుండా తేలుతూ ఉండాలని దాని మీద గుంపులు అతికించడానికి కూడా డయజోనియంనే వాడారు, అక్కడ కరెంటు కూడా అక్కర్లేదు.

ఇక్కడ నేను ఊహించనిది ఒకటి తగిలింది. 1997లో సవేయాంత్ ఇంకో ఇద్దరితో కలిసి కార్బన్ మీద పొర అతికించే ఇంకో దారి చూపించాడు. ఈసారి ఎలక్ట్రాన్ ఇవ్వడం కాదు, లాక్కోవడం. ఆరైల్ ఎసిటేట్ నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగితే, నైట్రోజన్‌కి బదులు కార్బన్ డయాక్సైడ్ ఊడిపోతుంది. మిగిలింది కార్బన్‌ని పట్టుకుంటుంది. ఆమ్లాల లవణాల నుంచి కరెంటుతో ఇలా కార్బన్ డయాక్సైడ్‌ని ఊడగొట్టడాన్ని 1840ల చివర్లో చేసి చూపించినవాడు హెర్మన్ కోల్బే. అవును, సిఫారసు ఉత్తరం రాసిన ఆ కోల్బేనే. కోల్బే రియాక్షన్ ఆనోడ్ దగ్గర, గ్రీస్ పదార్థం కేథోడ్ దగ్గర. ఇద్దరి ఉద్దేశాల్లోనూ కార్బన్ మీద పొర అన్నది లేదు. మార్‌బుర్గ్‌లో ఒకే ల్యాబ్‌లో ఉన్న గురుశిష్యుల పని, నూట ముప్పై ఏళ్లు దాటాక ప్యారిస్‌లో ఒకే గ్రూప్ చేతిలో మళ్లీ కలిసింది.

కెమిస్ట్రీ, మెటీరియల్స్, బయోమెడికల్ వైపు ప్రాజెక్ట్ వెతుక్కునేవాళ్లకు ఒక మాట. ఒక పొటెన్షియోస్టాట్, ఒక గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్ దొరికితే ఈ ప్రయోగం ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. డయజోనియంని పొడిగా ఎండబెట్టి దాచే ఆలోచన మాత్రం గైడ్ లేకుండా చెయ్యొద్దు. టెట్రాఫ్లోరోబోరేట్ లవణంగా కొంటే కొంత నిలకడగా ఉంటుంది, అయినా ఫ్రిజ్‌లోనే పెట్టాలి. ఇంకో పద్ధతిలో అమైన్‌ని, నైట్రైట్‌ని ఆమ్లంలో అప్పటికప్పుడు కలిపి, చల్లగా ఉంచి, నేరుగా అందులోనే ఎలక్ట్రోడ్ ముంచొచ్చు. మన ఇంటర్ ప్రాక్టికల్ లాగే, బీటా నాఫ్తాల్ బదులు కార్బన్ అంతే. ఐస్ కరగకుండా చూసుకోండి.

పొర పడిందో లేదో తెలియాలంటే ఎసిటోన్‌తో కడగండి, సోనికేటర్‌లో పెట్టి కుదిపేయండి. పూత అయితే పోతుంది, బంధం అయితే పోదు. ఆ ఎలక్ట్రోడ్‌ని మళ్లీ కొత్తగా వాడుకోవాలంటే అల్యూమినా పొడితో పాలిష్ చేసి, పైన కార్బన్‌ని కొంచెం అరగదీయాల్సిందే.